మా ఫోనుకు ఫ్లైఓవరు ఎత్తు తెలియదు: చోటును బట్టి పనులు గుర్తుచేసే యాప్‌తో రెండేళ్లు

చోటును బట్టి పనులు గుర్తుచేసే యాప్‌ల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే గాని, అది చిన్నది కాదు. ఒక చోటికి చేరుకోవడమూ, ఆ చోటి మీదుగా వెళ్లిపోవడమూ ఒకటేనని అవి నమ్ముతాయి. రెండేళ్లలో మూడు యాప్‌లు మార్చాను. రంగులు మారాయి, చందా మారింది, ఈ నమ్మకం మాత్రం మారలేదు. అందుకే ఏ ఒక్కదాని పేరూ ఇక్కడ రాయడం లేదు. ఇంత ఫిర్యాదు ఉండి కూడా వాటిని ఇంకా ఎందుకు వాడుతున్నానో చెప్పాలి కాబట్టి ఈ సమీక్ష కొంత పొడవవుతుంది.

నేను చిన్న దుకాణాలకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. ఇల్లు విశాఖపట్నం ఎమ్వీపీ కాలనీలో. నా చేత లెక్కలు రాయించుకునే కొట్లు మాత్రం గాజువాక ఆటోనగర్ నుంచి మధురవాడ దాకా జాతీయ రహదారి పొడవునా చెదిరి ఉన్నాయి. ఈ వృత్తిలో పనులు రెండు రకాలు. నెలనెలా దాఖలు చేసేవారికి 11వ తేదీలోగా అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20వ తేదీలోగా పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బి వేయడం తేదీకి కట్టుబడిన పని, దానికి గోడ మీది కేలెండరు చాలు. ఫలానా కొట్టులో మిగిలిపోయిన కొనుగోలు బిల్లులు తెచ్చుకోవడం, ఫలానా వారి చేత సంతకం పెట్టించుకోవడం చోటుకు కట్టుబడిన పని. దాన్ని ఉదయం తొమ్మిదింటికి గుర్తుచేస్తే విసుగు తప్ప లాభం లేదు, ఎందుకంటే ఆ వేళకు నేను ఊరికి మరో మూలన ఉంటాను.

మొదటి ఆరు నెలలూ ఈ యాప్‌ను కనబడిన వారందరికీ సిఫారసు చేశాను. మ్యాపు మీద కొట్టు చుట్టూ ఒక గిరి గీసి, దానికి పనిని తగిలించి వదిలేస్తే, నేను ఆ గిరిలోకి వెళ్లాక ఫోను మోగి, అక్కడ నాకు రావలసిన బిల్లుల వివరం తెర మీదకు వచ్చేది. అక్కయ్యపాలెంలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నడిపే ఒకాయన, నేను కౌంటరు దగ్గర నిలబడిన కాసేపటికి నా జేబులో ఫోను కూయడం నాలుగైదుసార్లు గమనించి, “ఏటి బాబూ, నాను బిల్లులు దాసీసినట్టు మీ ఫోనుకి ముందే తెలిసిపోతంది” అని నవ్వాడు. ఎమ్వీపీ కాలనీ రైతుబజారులో మా ఆవిడ రాసిన జాబితా తెర మీద కనిపించడంతో, కరివేపాకు మరిచి వచ్చానన్న మాట ఆ ఆరు నెలలూ ఇంట్లో వినబడలేదు. రుషికొండ తీరాన ఉన్న ఒక ఫలహారశాల చుట్టూ గీసిన గిరిలో సగం సముద్రంలోనే ఉండేది. అటువైపు నుంచి నేను వచ్చే ప్రమాదం లేదు గనుక దాన్ని అలాగే ఉంచాను.

ఆ తరువాత నాన్నగారి బ్యాటరీల వ్యవహారం జరిగింది.

నాన్నగారు చెవి వెనుక పెట్టుకునే వినికిడి యంత్రం వాడతారు. దానిలో వేసేది 13 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీ. పప్పుగింజంత ఉండే ఆ బిళ్ల మీద నారింజ రంగు స్టిక్కరు ఉంటుంది. ఆ స్టిక్కరు తీసి కాసేపు గాలి తగలనిస్తేనే అది పని మొదలుపెడుతుంది. ఆరు బ్యాటరీల అట్ట మాకు రెండు నెలలు వస్తుంది. మేము గోపాలపట్నంలో ఉన్న రోజుల్లో ఆ యంత్రాన్ని ఎన్.ఎ.డి. కొత్త రోడ్డు జంక్షన్ దగ్గరి ఒక కేంద్రంలో కొన్నాము, ఇల్లు మారినా బ్యాటరీలు అక్కడే తీసుకోవడం అలవాటైపోయింది. అట్ట అయిపోవచ్చిందని నాన్నగారు చెప్పిన రోజునే యాప్ తెరిచి, ఆ కేంద్రం చుట్టూ 150 మీటర్ల గిరి గీసి, ‘చేరగానే గుర్తుచేయి’ అని పెట్టాను. గాజువాక నుంచి వారానికి రెండుసార్లు ఆ దారినే వస్తాను కాబట్టి ఇక ఆ సంగతి తలపెట్టనవసరం లేదనుకున్నాను. నిజంగానే తలపెట్టలేదు.

అది శనివారం, రాత్రి ఏడున్నర కావస్తోంది. ఆటోనగర్‌లో పని ముగించుకుని బయలుదేరాను. ఎన్.ఎ.డి. దగ్గర మద్దిలపాలెం వైపు నేరుగా పోయేవాళ్లు ఫ్లైఓవరు ఎక్కుతారు, జంక్షన్లో పని ఉన్నవాళ్లు ఎడమవైపు కింది రోడ్డు పట్టుకుంటారు. రోజూ చేసే పనిని చేతులు తమంతట తామే చేస్తాయి కాబట్టి నా చేతులు ఫ్లైఓవరు ఎక్కాయి. సరిగ్గా పైకి చేరాక, నా ఎడమ పక్కన కింద ఆ కేంద్రం బోర్డు వెలుగుతూ కనిపిస్తుండగా, జేబులో ఫోను మోగింది. యాప్ లెక్క ప్రకారం నేను చేరుకున్నాను. మ్యాపు మీద చూస్తే అదీ నిజమే, నేను ఆ దుకాణానికి 50 మీటర్ల దూరంలో ఉన్నాను. ఆ దూరంలో కొంత భాగం నిలువుగా ఉందన్నదొక్కటే తేడా. వెనుక లారీ హారను కొడుతోంది. ఫ్లైఓవరు దిగి కంచరపాలెం వైపు పోతూ, మళ్లీ యూటర్న్ తీసుకుని ఆ రద్దీలో వెనక్కి వచ్చేసరికి ఎనిమిదవుతుందని, కేంద్రం మూసేస్తారని, ఇంట్లో ఇంకొక బ్యాటరీ ఉండే ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ చివరి అంచనాకు యాప్ బాధ్యత లేదని ఒప్పుకుంటాను.

ఇంట్లో బ్యాటరీ లేదు. చివరిది అప్పటికే నాన్నగారి చెవిలో ఉంది, భోజనాల వేళకు అది కూడా మూడుసార్లు కూతపెట్టి ఆగిపోయింది. మరునాడు ఆదివారం. మా కాలనీలో రెండు మందుల షాపులు తిరిగితే ఒక దాంట్లో గోధుమ రంగు స్టిక్కరున్న 312 నంబరువి దొరికాయి, కాని అవి చిన్నవి. గూట్లో వేస్తే లోపల గలగలలాడాయి. ప్రతి ఆదివారం పదకొండింటికి చెల్లెలు బెంగళూరు నుంచి వీడియో కాల్ చేస్తుంది. నాన్నగారు ఎప్పటిలాగే ఉతికిన చొక్కా వేసుకుని ఫోను ముందు కూర్చున్నారు. “మోకాలి నొప్పి ఎలా ఉంది నాన్నా?” అని అది అడిగితే, “ఆఁ, తిన్నానమ్మా, పప్పుచారు” అన్నారు. మనవడు ఏదో పద్యం చెప్పాడు; వాడి పెదవులు కదులుతున్నంతసేపూ ఆయన తల ఊపుతూనే ఉన్నారు, వాడు ఆపేశాక కూడా ఇంకో రెండుసార్లు ఊపారు. తరువాత ఫోను నా చేతికిచ్చి పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు. నన్ను ఏమీ అనలేదు.

ఆ మధ్యాహ్నం యాప్ తెరిచి చూస్తే బ్యాటరీల పని ‘గుర్తుచేయడమైనది’ అన్న పట్టికలో ప్రశాంతంగా కూర్చుని ఉంది. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. ఫోను ఒకసారి మోగితే తన బాధ్యత తీరిపోయిందని అది అనుకుంటుంది. పని అయిందా అని మళ్లీ అడగదు. గిరి దాటి బయటకు పోయిన మనిషి అక్కడ ఒక్క నిమిషమైనా ఆగాడా అని కూడా చూసుకోదు.

ఇది నా ఒక్కడి యాప్‌లోని లోపమా అని కొన్నాళ్లు చదివి తెలుసుకున్నాను. జీపీఎస్ ఎత్తును కూడా లెక్కగట్టగలదు, కాని ఈ యాప్‌లకు ఆండ్రాయిడ్ ఇచ్చే గిరికి అక్షాంశం, రేఖాంశం, వ్యాసార్ధం అన్న మూడే ఉంటాయి. అంటే ఫ్లైఓవరు పైన ఉన్నవాడూ, కింద ఉన్నవాడూ దానికి ఒక్కటే. డివైడరుకు ఇవతల ఉన్నవాడూ, అవతల ఉన్నవాడూ ఒక్కటే. గిరిలో అడుగుపెట్టగానే కాకుండా, అందులో కాసేపు నిలిస్తేనే మోగించే ఏర్పాటు కూడా ఆండ్రాయిడ్‌లో ఉంది, అయితే నేను వాడిన మూడింటిలో ఒక్కటే దాన్ని వాడేవారికి అందుబాటులో ఉంచింది. దాన్ని కూడా పరీక్షించాను. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగినంతసేపు చాలు, పక్కనున్న కొట్టుకు నేను వచ్చానని అది తీర్మానించేసింది.

ఈ కోపంలోనే నాకు అసలు ఉపయోగం దొరికింది. గిరిని దుకాణం చుట్టూ గీయడం నా పొరపాటు. పని జరిగే చోటు ఎన్.ఎ.డి. జంక్షనే గాని, ఆ పని నాకు గుర్తు రావలసిన చోటు అది కాదు. ఫ్లైఓవరు ఎక్కాలా, కింది రోడ్డు పట్టాలా అని తేల్చుకునే లోపు గుర్తు రావాలి. అందుచేత ఆటోనగర్‌లోని కొట్టు చుట్టూ గిరి గీసి, ‘బయలుదేరినప్పుడు గుర్తుచేయి’ అని మార్చాను. ఈ ‘బయలుదేరినప్పుడు’ అన్న ఎంపికను అంతకు ముందు ఏడాది పాటు నేను ముట్టుకోనైనా లేదు. ఇప్పుడు నా గిరుల్లో మూడొంతులు దాని మీదే నడుస్తున్నాయి. మధురవాడ నుంచి బయలుదేరితే హనుమంతవాక లోపు తీసుకోవలసినవి, ఇంటి నుంచి బయలుదేరితే వీధి మలుపు దాటేలోపు వెనక్కి వెళ్లి తెచ్చుకోవలసినవి అని విడదీసుకున్నాను. ఒక ఉదయం ఇసుకతోట చేరేసరికి ఫోను మోగి, ఒక కొట్టువారి డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెను సంగతి గుర్తుచేసింది; అది ఇంట్లో బల్ల మీదే ఉండిపోయింది. అది లేకుండా గాజువాక పోయి ఉంటే ఆ రోజంతా వృథా అయ్యేది.

ఇసుకతోట చేరేసరికి అని రాశాను, వీధి మలుపు దగ్గర అని రాయలేదు. మొదట్లో ‘గిరిలోకి వెళ్లాక’ అని రాసిన మాటను కూడా ఇక్కడ కొంచెం సవరించుకోవాలి. ఫోను జేబులో నిద్రపోతున్నప్పుడు ఈ కబురు రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా రావడం మామూలే. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ 8 నుంచి వెనుక నడిచే యాప్‌లకు లొకేషన్‌ను పొదుపుగా ఇస్తున్నారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే స్కూటరు మూడు నిమిషాల్లో 2 కిలోమీటర్లు పోతుంది. ఆ శనివారం ఫోను ఫ్లైఓవరు మీద అంత ఠంచనుగా మోగిందంటే, ఆటోనగర్‌లో ఒక కొత్త వీధి వెతకడానికి తెరిచిన మ్యాపు ఇంకా నడుస్తూ ఉండడమే అందుకు కారణమై ఉంటుంది. అక్కయ్యపాలెం కొట్టులోనూ, రైతుబజారులోనూ అది తప్పకుండా పనిచేసిందంటే, ఆ రెండు చోట్లా నేను కనీసం పావుగంట ఉంటాను. ఎంత ఆలస్యమైనా నేనింకా అక్కడే ఉండేవాణ్ణి. మెచ్చుకున్న మాట వెనక్కి తీసుకోవడం లేదు గాని, ఆ మెప్పులో సగం నా నిదానానికి చెందుతుంది.

మరో రెండు ఇబ్బందులు క్లుప్తంగా చెబుతాను. ఆండ్రాయిడ్ 10, అంటే 2019 నుంచి, లొకేషన్ అనుమతిలో ‘ఎల్లప్పుడూ’ అన్నది వేరే ఎంపిక అయింది. ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నది నొక్కితే గిరులన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి గాని ఒక్కటీ మోగదు. తాను ఎక్కడున్నదీ రోజంతా చూసే అనుమతి యాప్‌కు ఇవ్వడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు, తన ఫోనులో ఈ యాప్ తీసేసింది, ఆ విషయంలో ఆమె మాట కాదనలేను. రెండవది, ఫోను ఆపి మళ్లీ వేస్తే ఆండ్రాయిడ్ ఈ గిరులను మరిచిపోతుంది. యాపే లేచి వాటిని మళ్లీ నమోదు చేయాలి. నా ఫోనులోని బ్యాటరీ పొదుపు ఏర్పాటు ఆ యాప్‌ను లేవనిచ్చేది కాదు. ఆ ఏర్పాటు నుంచి దానికి మినహాయింపు ఇచ్చాక గాని, ప్రతి సోమవారం ఎందుకు మౌనంగా ఉంటుందో అర్థం కాలేదు. ఆదివారం రాత్రి ఫోను ఆపి పడుకోవడం నా అలవాటు.

రోజంతా ఊళ్లో తిరిగే పనివాళ్లకు, అందులోనూ ప్రతి చోటా కాసేపు కూర్చోవలసినవాళ్లకు ఇది పనికొస్తుందనే అంటాను, ‘బయలుదేరినప్పుడు’ అన్నదాన్ని ముందు నేర్చుకుంటే మరీను. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి ఒకే దారిన పోయేవారికి చందా కట్టేంత అవసరం ఉందని నేను చెప్పలేను. జేబులో చీటీ పెట్టుకున్నా సరిపోతుంది. ఊళ్లోని సందుల్లో నడిచి తిరిగేవారికి ఎలా ఉంటుందో నా స్కూటరు అనుభవాన్ని బట్టి చెప్పడం సరికాదు. ఈ ఏడాదికి నేను చందా మళ్లీ కట్టాను, వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూసుకుంటాను.

బ్యాటరీల గిరి ఆటోనగర్ దగ్గర ఇప్పటికీ ఉంది, మోగుతోంది కూడా. నాన్నగారు మాత్రం అట్టలో రెండు మిగలగానే ఆ అట్టను తెచ్చి నా స్కూటరు తాళాల కింద పెట్టేస్తున్నారు.