పదకొండేళ్లు ప్లాంటు నీళ్లు తాగిన తర్వాత

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు ఒక చిన్న ఊరు. 2012 వేసవిలో మా ఊళ్లో నీటి శుద్ధి ప్లాంటు పెట్టారు. అప్పటినుంచి 2023 చివరిదాకా మా ఇంట్లో తాగింది ఆ ప్లాంటు నీళ్లే. ఇరవై లీటర్ల క్యాను మొదట్లో అయిదు రూపాయలు, తర్వాత పది, ఇంటికి తెచ్చి ఇస్తే పదిహేను. రోజుకొకటి చొప్పున నాలుగు వేలకు పైగా క్యాన్లు మా గడప దాటి వచ్చాయి. ఊరూరా ఇలాంటి ప్లాంట్లే ఉన్నాయి కాబట్టి, మేము ఆలస్యంగా తెలుసుకున్నవి మిగతావారికి ముందే తెలియాలని రాస్తున్నాను.

మా బోరు నీళ్లు చూడటానికి అద్దంలా ఉంటాయి. కానీ వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానికి రంగు, రుచి, వాసన ఏవీ లేవు. తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. వేరే నీటి వసతి లేనిచోట మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటారు. మా బోరులో 4.2 ఉన్నట్టు తేలింది. ఆ అంకెకు అర్థం మా అత్తయ్యను చూస్తే తెలుస్తుంది. ఆమెకు మెడ తిరగదు. వెనకనుంచి పిలిస్తే మనిషంతా తిరిగి చూడాలి. నేల మీద కూర్చుని అన్నం తిని ఇరవై ఏళ్లు దాటింది. ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్‌ను బయటికి తీసే మందు లేదని డాక్టర్లు మొదటి రోజే చెప్పేశారు.

మా జిల్లా పేరుతోనే ఒక శుద్ధి పద్ధతి ఉంది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతి అది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైతేట నీళ్లు వాడుకోవాలి. అత్తయ్య వాళ్లు కొన్నాళ్లు ఇంట్లోనే బకెట్లలో చేసుకున్నారట. పటిక ఎంత వేయాలన్నది నీటిని బట్టి మారుతుంది. తెల్లవారకముందే నాట్లకు పోయే ఇంట్లో రోజూ కొలిచి వేసి, గంట ఆగి, వంచుకునే తీరిక ఎవరికుంటుంది? అందుకే ప్లాంటు వచ్చిన రోజు ఊరంతా క్యాన్లు పట్టుకుని వరుస కట్టింది.

ముందు మంచి చెబుతాను. ఫ్లోరైడ్ విషయంలో ప్లాంటు మాట నిలబెట్టుకుంది. ఊళ్లో నీటి పరీక్ష కిట్టుతో శిక్షణ పొందిన మహిళల్లో మా పక్కింటి వదిన ఒకరు. ఆమె మా అరుగు మీద కూర్చుని రెండు గాజు గొట్టాల్లో రెండు రకాల నీళ్లు పోసి మందు చుక్కలు వేశారు. ప్లాంటు నీళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి, బోరు నీళ్లు పసుపుకు తిరిగాయి. ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ గులాబీ రంగు విరిగి పసుపు తేలుతుంది. అక్షరం రాని అత్తయ్యకు కూడా ఆ తేడా ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

అయినా మేము పెద్ద తప్పు చేశాం. తాగడానికి ప్లాంటు నీళ్లు తెచ్చుకుని, వంట మాత్రం బోరు నీళ్లతోనే కానిచ్చాం. క్యానుకు డబ్బు పెడుతున్నాం కదా, అన్నానికి, పప్పుకు కూడా ఎందుకని అనుకున్నాం. మరిగిస్తే పోతుందని కొందరు చెబితే నమ్మాం. మరిగిస్తే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. బియ్యం ఉడికేటప్పుడు పీల్చుకునేది ఆ నీటినే. మా పెద్దమ్మాయి 2010లో పుట్టింది. బుద్ధి తెలిసినప్పటినుంచి బోరు నీళ్లు గ్లాసులో పోసుకుని తాగలేదు. అయినా పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చేసరికి ముందు పళ్ల మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లని చారలు కనిపించాయి. శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులోనే, అంటే ఎనిమిదేళ్లలోపే, ఈ మచ్చ పడుతుంది. తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా పోదు. ఆ పళ్లు చూసిన రోజు నుంచి వంటకూ క్యాను నీళ్లే వాడాం. 2015లో పుట్టిన అబ్బాయికి పళ్లు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. ఫ్లోరైడ్ ఊళ్లలో ఉన్న తల్లులు ఇంకేది మరిచినా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక ప్లాంటు నడిచిన తీరు. మొదటి మూడు నాలుగేళ్లు బాగానే చూసుకున్నారు. తర్వాత నడిపేవారు మారారు. గోడ మీద నీటి పరీక్ష వివరాల పలక ఉండేది. దాని మీద తేదీ మారడం ఆగిపోయింది. వడపోత గొట్టంలోని దూది కడ్డీ గోధుమరంగుకు తిరిగినా మార్చలేదు. నీళ్లలోని లవణాలను ఆపే పొరను మెంబ్రేన్ అంటారు. దాని గురించి ఒకసారి అడిగాను.

“తమ్ముడూ, మెంబ్రేన్ మార్చి ఎన్నాళ్లయింది?”

“టీడీఎస్ నలభై చూపిస్తోంది అక్కా. నీళ్లు తియ్యగానే ఉన్నాయి కదా?”

చేతిలో పట్టే టీడీఎస్ మీటరు ఊళ్లో చాలామందిని నమ్మించింది. నీళ్లలో కరిగిన లవణాల మొత్తం ఎంతో మాత్రమే అది చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. క్రిములున్నాయో లేవో అసలే చెప్పదు. అంకె తక్కువగా ఉంటే నీళ్లు మంచివని చూపించి అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. పైగా మెంబ్రేన్ ఫ్లోరైడ్‌తో పాటు క్యాల్షియాన్నీ తీసేస్తుంది. ఒంట్లో క్యాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ చేసే కీడు ఎక్కువ. అందుకే పిల్లలకు పాలు, రాగులు, ఆకుకూరలు మానకుండా పెట్టమని మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ తిరిగి చెప్పేది.

అసలు ముప్పు క్యానులో ఉందని మాకు 2023 వానాకాలంలో తెలిసింది. నెల రోజుల్లో ఇంట్లో నలుగురికీ రెండేసి సార్లు విరేచనాలు. ఒకరోజు ఖాళీ క్యానులోకి ఫోను లైటు వేసి చూశాను. అడుగున గాడి వెంట పచ్చగా ఏదో మెరిసింది. వేపపుల్లకు తెల్లగుడ్డ చుట్టి లోపల తిప్పి తీస్తే గుడ్డ జిగటగా, పాచిరంగులో వచ్చింది. క్యాను మూతి ఇరుకు, లోపలికి చేయి పట్టదు. ప్లాంటులో ఎలా కడుగుతున్నారో చూద్దామని మర్నాడు పొద్దున్నే వెళ్లాను. మెంబ్రేన్ వదిలేసిన వృథా నీళ్లను పైపుతో క్యానులోకి కొట్టి, రెండుసార్లు కుదిపి, బోర్లించి, వెంటనే నింపుతున్నారు. సబ్బు, క్లోరిన్, వేడినీళ్లు ఏవీ లేవు. నేను నిలబడి చూసినంతసేపు అన్ని క్యాన్లకూ అదే కడుగుడు.

వదిన దగ్గర మూడు పరీక్ష సీసాలు తీసుకున్నాను. బ్యాక్టీరియా కోసం వాడే హెచ్2ఎస్ సీసాలు అవి. గీతదాకా నీళ్లు నింపి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే నీళ్లు కలుషితమైనట్టు. ఒకదానిలో ప్లాంటు గొట్టం దగ్గర నేరుగా పట్టిన నీళ్లు, రెండోదానిలో ఇంట్లో రెండు రోజులుగా ఉన్న క్యాను నీళ్లు, మూడోదానిలో మా వాకిట్లోని నల్లా నీళ్లు పోసి, చీటీలు అంటించి బియ్యం డబ్బాల పక్కన పెట్టాను. మర్నాడు సాయంత్రానికి క్యాను సీసా కాటుకలా నల్లబడింది. మిగతా రెండూ రెండో రోజుకు కూడా రంగు మారలేదు. యంత్రంలోంచి మంచి నీళ్లే వస్తున్నాయి. అవి మా ఇంటికి చేరేలోపు చెడిపోతున్నాయి. సీలు వేసి అమ్మే నీళ్లకు ఐఎస్ 14543 అని వేరే ప్రమాణం ఉంది. మా వీధిలోకి వచ్చే క్యానుకు సీలు లేదు, నింపిన తేదీ లేదు, ఎవరు నింపారన్న గుర్తు లేదు. అలాంటి నీళ్లతో జబ్బు చేస్తే ఎవరిని అడగాలి?

మెంబ్రేన్ వదిలేసే వృథా నీళ్ల సంగతి కూడా చెప్పాలి. బోరులోంచి తోడిన దానిలో సగం మంచినీళ్లయితే, ఆ మొత్తంలోని ఫ్లోరైడ్ దాదాపు అంతా మిగిలిన సగంలోకి చేరుతుంది. అంటే వృథా నీళ్లలో బోరులో ఉన్నదానికి ఇంచుమించు రెట్టింపు ఫ్లోరైడ్. మా ప్లాంటు ఆ నీళ్లను పక్క కాలువలోకి వదిలేది. కాలువ చివర గేదెలు తాగేవి, ఒకాయన తోటకూర మడులు కట్టుకున్నాడు. పదకొండేళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. అందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఇప్పుడు మేము తాగేది, వండేది నల్లా నీళ్లు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు శుద్ధి అయి మా ఊరికి వస్తున్నాయి. అన్నేళ్లు వాకిట్లో ఆ నల్లా ఉన్నా మేము గిన్నెలు తోముకోవడానికే వాడాం. కారణం మందు వాసన ఒక్కటే. అది క్లోరిన్ వాసన. నీళ్లలో ఆ క్లోరిన్ ఉన్నందుకే గొట్టాల్లో క్రిములు పెరగవు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది నియమం. రాత్రి స్టీలు బిందెలో పట్టి మూతపెడితే తెల్లారేసరికి వాసన తగ్గిపోతుంది. అత్తయ్యకు మొదటి వారం నచ్చలేదు, ఇప్పుడు అలవాటైంది. బిందెకు కింద చిన్న కొళాయి పెట్టించాం, గ్లాసు ముంచడం మానేశాం.

ప్లాంటు మూసేయాలని నేను అనను. నల్లా నీళ్లు అందని రోజుల్లో, బోరే దిక్కైన ఇళ్లకు అది అవసరమే. కొనుక్కునేవాళ్లు మాత్రం ప్లాంటు క్యాను తీసుకోకుండా, ఇంట్లో తోమిన స్టీలు బిందె తీసుకెళ్లి గొట్టం దగ్గరే పట్టుకోండి. ఏడాదికి రెండుసార్లు, వానలు మొదలయ్యాక ఒకటి, వేసవిలో ఒకటి, పరీక్ష కాగితం అడగండి. వాళ్లు చూపించకపోతే ప్రభుత్వ తాగునీటి ప్రయోగశాలకు మీరే పట్టుకెళ్లండి; 2021 నుంచి మామూలు జనం కూడా కొద్దిపాటి రుసుముతో అక్కడ పరీక్ష చేయించుకోవచ్చు. సీసా మాత్రం వాళ్లిచ్చినదే వాడండి, మన ఇంటి సీసాలో పట్టుకెళ్తే బ్యాక్టీరియా ఫలితం నమ్మకంగా రాదు.

గ్రామసభలో నల్లబడిన ఆ సీసాను బల్ల మీద పెట్టి మాట్లాడాను. వారం తిరక్కుండానే ప్లాంటులో కొత్త పలక కట్టారు, క్యాన్లను క్లోరిన్ నీళ్లతో కడగడం మొదలుపెట్టారు. పోయిన నెల వెళ్లి చూస్తే పలక మీద టీడీఎస్ గడిలో అంకె ఉంది, ఫ్లోరైడ్ గడిలో అంకె ఉంది. బ్యాక్టీరియా గడి ఖాళీగా ఉంది. రాయమని చెప్పి వచ్చాను. వచ్చే సోమవారం మళ్లీ వెళతాను.