డబ్బా మీద ఉన్న వైఫై 7 డబ్బాలో లేదు: రూటర్ కొనేవారికి హెచ్చరిక

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు కొత్త వైఫై రూటర్ కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ‘ట్రై బ్యాండ్’, ‘బీఈ 19000’, ‘మల్టీ లింక్’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి, వేలకు వేలు ధర పెట్టి అమ్ముతున్న వైఫై 7 అనే కొత్త తరం రూటర్లలో కొన్ని పూర్తిగా తయారుకాని సరుకు. అలాంటిది ఒకటి ఆన్‌లైన్‌లో కొని మా ఇల్లంతా ఇబ్బంది పడ్డాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. అయినా ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదు.

మా ఇల్లు పానగల్లు వైపు. కింద మేము, పైన తమ్ముడి కుటుంబం. అందరికీ ఒకే ఫైబర్ కనెక్షన్. మల్టీ లింక్ అంటే ఫోనుగానీ లాప్‌టాప్‌గానీ ఒకేసారి రెండు మూడు బ్యాండ్ల మీద, అంటే వేర్వేరు రేడియో తరంగాల దారుల్లో, రూటర్‌తో మాట్లాడటం. వైఫై 7 అసలు గొప్పతనం అదే. మా రూటర్‌లో దాన్ని ఆన్ చేస్తే లాప్‌టాప్‌లో వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది, డేటా మాత్రం కదలదు. పైగా మల్టీ లింక్‌కు డబ్ల్యూపీఏ 3 భద్రత తప్పనిసరి. గేటు దగ్గరి పాత కెమెరాకు దాని ముందు తరం డబ్ల్యూపీఏ 2 తప్ప తెలియదు కాబట్టి అదీ పడిపోయింది. మల్టీ లింక్ ఆపేస్తే మిగిలేది మామూలు రూటరే. దానికి అంత ధర ఎందుకు?

కస్టమర్ కేర్‌కు ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు: ‘తరువాతి అప్‌డేట్‌లో సరిచేస్తాం సర్.’ ఆ అప్‌డేట్ వచ్చింది. దాంతో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ దానంతట అదే మాయమవడం మొదలైంది. ఈలోగా వాపసు గడువు దాటిపోయింది. అన్నం ఉడకకుండానే విస్తట్లో వడ్డించి, తినేలోపు ఉడుకుతుందిలే అన్నట్టుంది వీళ్ల వ్యాపారం.

మా అమ్మాయికి ఉద్యోగం కోసం వీడియో ఇంటర్వ్యూ జరుగుతుండగా మధ్యలో లైను తెగింది. ఫోన్ డేటాతో మళ్లీ కలిసేసరికి అవతలివారు వెళ్లిపోయారు. ఆ రోజు పిల్ల అన్నం ముట్టలేదు. నాకు కోపం వచ్చింది రూటర్‌కు పోసిన ముప్పై వేల గురించి కాదు, దీని గురించి.

తప్పు లైనుదేమోనని ఫైబర్ కుర్రాణ్ణి పిలిపించాం. అతను ఈ రూటర్ తీసేసి తన దగ్గరున్న పాత బాక్సు పెట్టాడు. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా తెగలేదు. ‘లైను బాగానే ఉందన్నా, ఈ కొత్త రూటర్లు పెట్టించుకున్న ఇళ్ల నుంచే నాకు ఫోన్లు ఎక్కువ’ అన్నాడు.

ఇక ఆ 19000 లెక్క చూడండి. అది మూడు బ్యాండ్ల గరిష్ఠ వేగాలను కూడి రాసిన అంకె: 6 గిగాహెర్ట్జ్‌లో 11520, 5 గిగాహెర్ట్జ్‌లో 5760, 2.4లో 1376 ఎంబీపీఎస్. మొత్తం 18656, దాన్ని 19000 చేశారు. ఇందులో అరవై శాతం పైగా 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌దే. మా రూటర్‌లో ఇండియా అని ఎంచుకుంటే ఆ బ్యాండే కనిపించదు. మన దేశంలో ఈ బ్యాండ్‌ను లైసెన్సు లేకుండా వైఫైకి వాడుకోవడానికి టెలికాం శాఖ ముసాయిదా నియమాలు ప్రకటించిందే 2025 మేలో. అవి కూడా 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకే. ఆ 11520 వేగానికి కావాల్సిన 320 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ ఆ 500లో ఒక్కటే పడుతుంది. ప్రభుత్వం అనుమతిస్తే సరిపోదు, మీ మోడల్‌కు ఆ బ్యాండ్ తెరిచే అప్‌డేట్‌ను కంపెనీ ఇవ్వాలి. డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ‘ప్రాంతాన్ని బట్టి మారవచ్చు’ అని రాసి ఉంది. పైన పెద్ద అక్షరాలతో మాత్రం 19000!

ఎండ సంగతి వేరే చెప్పాలి. చాలా ఇళ్ల రూటర్ల వివరాల్లో పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని ఉంటుంది. మే నెలలో మన జిల్లాలో 44, 45 డిగ్రీలు మామూలే. స్లాబు కింద పై అంతస్తు గదిలో మధ్యాహ్నం ఎలా ఉంటుందో మనకు తెలుసు. మూడు బ్యాండ్ల రూటర్ అసలే వేడెక్కుతుంది. అలమారలో పెట్టకండి, కిటికీ పక్కన ఎండ తగిలేచోట అసలు వద్దు.

ఇదేమీ కొత్త కాదు. వైఫై ‘ఎన్’ అనే పాత తరం రోజుల్లోనూ 2006లో ప్రమాణం (అన్ని కంపెనీలూ పాటించాల్సిన సాంకేతిక నియమావళి) మొదటి ముసాయిదా ఆధారంగానే రూటర్లు అమ్మేశారు. ఒక కంపెనీ రూటర్ ఇంకో కంపెనీ వైఫై కార్డుతో సరిగా కలిసేది కాదు. వైఫై కంపెనీల కూటమి అయిన వైఫై అలయన్స్ 2007లో రెండో ముసాయిదాకు ధ్రువీకరణ మొదలుపెట్టాక కొంత కుదురుకుంది. అసలు ప్రమాణం 2009లో ఖాయమైంది. వైఫై 7 కూడా అదే దారిలో నడిచింది: రూటర్లు 2023లోనే మార్కెట్లోకి వచ్చాయి, ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది, ప్రమాణం 2025 జులైలో వెలువడింది. వైఫై 8 ప్రమాణం 2028లో పూర్తి చేయాలన్నది లక్ష్యం. నమూనాలు చూపించడం మాత్రం ఇప్పటికే మొదలైంది. ఆ పేరుతో ఎవరైనా ముందే అమ్మజూపితే దయచేసి ఆగండి.

కొనక తప్పదంటే, ఆ మోడల్‌కు వైఫై 7 ధ్రువీకరణ ఉందో లేదో వైఫై అలయన్స్ జాబితాలో వెతకండి. ‘అప్‌డేట్ ద్వారా లభిస్తుంది’ అన్న మాట కనిపించిన ప్రతి సదుపాయాన్నీ లేనట్టే లెక్కించి, అప్పటికీ ఆ ధర సబబేనా అని చూడండి. 200 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్న ఇంటికి మంచి వైఫై 6 రూటర్ చాలు. ఇంటికి రాగానే అన్నీ ఆన్ చేసి, వాపసు గడువులోపే ఇంట్లోని ప్రతి పరికరాన్నీ కలిపి చూడండి.

గడువు దాటిందని విక్రేత ముఖం చాటేస్తే వదలకండి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే వాపసుకు నిరాకరించకూడదని 2020 ఈ కామర్స్ నియమాలు చెబుతున్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది.

ఇలాంటి రూటర్ ఇప్పటికే కొన్నవారు బిల్లుతోపాటు ఆ వస్తువు అమ్మకపు పేజీని ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. మేము కొన్నప్పుడు మల్టీ లింక్ ఎదురుగా ‘ఉంది’ అని ఉండేది. ఇప్పుడు అదే పేజీలో దాన్ని ‘రాబోయే అప్‌డేట్‌లో’ అని మార్చారు. నేను ఫిర్యాదుకు ఆ రెండు పేజీలూ జతచేశాను.