మెమ్‌టెస్ట్86+: కొన్నేళ్లు వాడాక నా మాట

మెమ్‌టెస్ట్86+ అంటే కంప్యూటర్ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) బాగుందో లేదో పరీక్షించే ప్రోగ్రామ్. 2020 చివర్లో ఇంటి నుంచి పని కోసం అసెంబుల్ చేయించుకున్న పీసీ నాది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు. నాలుగు నెలలు బుద్ధిగా నడిచి, తర్వాత బ్లూ స్క్రీన్ చూపించడం మొదలుపెట్టింది. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోరోజు పేజ్ ఫాల్ట్ అంటుంది, ఒక్కోసారి ఏమీ అనకుండానే రీస్టార్ట్ అయిపోతుంది. విండోస్ రెండుసార్లు ఫార్మాట్ కొట్టాను, ఎస్ఎస్‌డీని తిట్టుకున్నాను, ఎండలు ముదిరాయి కదా అని క్యాబినెట్ తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టాను (నవ్వకండి). ర్యామ్ మీద అనుమానం ఎప్పుడొచ్చిందంటే, ఒకే జిప్ ఫైల్ ఓసారి సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్ పాడైందనే హెచ్చరిక) ఇచ్చి, మళ్లీ చేస్తే శుభ్రంగా విడిపోయింది. ఫైలే పాడైతే ప్రతిసారీ ఏడవాలి కదా.

విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నొస్టిక్ తప్పేం లేదని తేల్చేసింది. అప్పుడు మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పెట్టి పడుకున్నాను. మొదటి పాస్ (పరీక్షలన్నీ ఒక చుట్టు పూర్తవడం) క్లీన్. తెల్లారి చూస్తే మూడో పాస్‌లో ఎర్ర గీతలు, అంటే తప్పులు! అందుకే గంటసేపు నడిపి "ర్యామ్ ఓకే" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

దీని పెద్ద లోపం, తప్పు ఏ అడ్రస్‌లో వచ్చిందో చెబుతుంది గానీ ఏ స్టిక్కుదో చెప్పదు. ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగులు) ఎక్స్ఎమ్‌పీ ఆపాను, అంటే ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ స్పీడులో నడిపే ప్రొఫైల్. నా స్టిక్కులకు 3200 స్పీడ్ ఆ ప్రొఫైల్‌లో 1.35 వోల్టులిస్తేనే వస్తుంది, అది ఆపి మామూలు 1.2 వోల్టులకు దించితే తప్పులు పోతాయేమోనని ఆశ. పోలేదు. తర్వాత ఒక్కో స్టిక్కునీ ఒకే స్లాట్‌లో పెట్టి రాత్రికొకటి చొప్పున నడిపాను. ఒకటి క్లీన్, రెండోది తెల్లారేసరికి ఎరుపు, స్లాట్ మార్చినా అదే కథ. పెన్సిల్ రబ్బరుతో పిన్నులు రుద్దే మన పాత వైద్యం కూడా చేశాను, పనిచేయలేదు. షాపులో స్క్రీన్ ఫొటో చూపిస్తే మారుమాట లేకుండా వారంటీకి తీసుకున్నారు, కాకపోతే రెండూ కలిపి ఒకే కిట్‌గా కొన్నాను కాబట్టి బాగున్నదాన్ని కూడా ఇవ్వాల్సి వచ్చింది. మూడు వారాలు అరువు ర్యామ్‌తో గడిపాను.

అప్పటి ఐదో వెర్షన్ కోసం బయోస్‌లో లెగసీ మోడ్ (పాత బూట్ పద్ధతి) పెట్టాల్సి వచ్చేది. 2022లో వచ్చిన 6.0 నుంచి కొత్త పద్ధతి యూఈఎఫ్ఐలోనే బూట్ అవుతుంది, ఆ తలనొప్పి పోయింది. డబ్బులు అక్కర్లేదు, పాస్‌ల మీద పరిమితీ లేదు.

అన్నీ ఇదే పట్టేస్తుందనుకోకండి. ఒక ఫ్రెండ్ పీసీలో రెండు రాత్రులు క్లీన్‌గా నడిచింది, గేమ్ పెడితే మాత్రం ఢమాల్. ఇది ర్యామ్‌నే పరీక్షిస్తుంది, గ్రాఫిక్స్ కార్డును కదిలించదు, అందుకే కరెంటు మీద గేమ్ అంత భారం పడదు. చివరికి దోషం పవర్ సప్లైదని తేలింది. మా బావ ల్యాప్‌టాప్‌లో అయితే ఎర్ర గీతలు పది నిమిషాల్లోనే వచ్చాయి, తీరా కింద మూత విప్పితే ర్యామ్ బోర్డుకే టంకం వేసి ఉంది, ఊడదీసి మార్చే వీల్లేదు. మళ్లీ మూత బిగించి ఇచ్చేశాను.