పాత సిస్టమ్‌లో చెస్ ఇంజిన్: విండోస్ సెవెన్ మేలా, లైనక్స్ మేలా?

కడపలో ప్రతి ఆదివారం పొద్దున పిల్లలకు చెస్ నేర్పిస్తాను. క్లాసు అయిపోయాక తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు ఆగి ఇదే అడుగుతారు: "సార్, ఇంట్లో పాత సిస్టమ్ ఒకటుంది, విండోస్ సెవెన్‌ది. పిల్లోడు ఆడిన ఆటలు చూసుకోడానికి అందులో స్టాక్‌ఫిష్ నడుస్తుందా, కొత్తది కొనాల్నా?" ఈ నెలలోనే నలుగురు అడిగారు. నేను కూడా ఈమధ్యే మా ఇంటి పాత డెస్క్‌టాప్ మీద రెండు పద్ధతులూ వాడి చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

కొనక్కర్లేదు, నడుస్తుంది. స్టాక్‌ఫిష్ అంటే చెస్ ఇంజిన్, అంటే ప్రతి స్థితిలో మంచి ఎత్తు ఏదో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రామ్. కానీ ఎంత బాగా నడుస్తుందన్నది మీ ఓఎస్ (విండోస్, లైనక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నదాన్ని బట్టి ఉంటుంది. విండోసా లైనక్సా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఎందుకంటే చదరంగం బల్లకు ఉన్న గళ్ళు 64. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్లు బంట్లు ఏయే గళ్ళలో ఉన్నాయో ఒకే సంఖ్యలో దాచుకుంటాయి, గడికి ఒక బిట్ (0 లేదా 1) చొప్పున. గుర్రాలకు ఇంకో సంఖ్య, ఏనుగులకు మరొకటి. 64 బిట్ ఓఎస్ మీద ఆ సంఖ్యను ప్రాసెసర్ ఒక్కసారిగా పట్టుకుంటుంది. 32 బిట్ ఓఎస్ మీద బల్లను రెండు సగాలు చేసి, ఒక్కో సగానికి విడిగా లెక్క చేసి, మళ్ళీ కలపాలి. సెకనుకు లక్షల స్థితులు చూసే పనిలో ఆ తేడా చిన్నది కాదు.

మా డెస్క్‌టాప్‌లో ఉన్నది కోర్ టూ డుయో అనే పాత ఇంటెల్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్. ప్రాసెసర్ 64 బిట్‌దే, కానీ షాపులో వేసిచ్చిన విండోస్ మాత్రం 32 బిట్‌ది. ఆ రోజుల్లో కొన్న చాలా సిస్టమ్స్‌ది ఇదే పరిస్థితి. అదే మిషన్‌లో లైనక్స్‌లో ఒక రకమైన మింట్ 64 బిట్ వేసి, రెండు చోట్లా స్టాక్‌ఫిష్ ఒకే వెర్షన్‌కు వేగం కొలిచే 'బెంచ్' కమాండ్ ఇచ్చి చూస్తే, సెకనుకు చూసే స్థితుల సంఖ్య దాదాపు రెట్టింపైంది. పైసా ఖర్చు కాలేదు.

"గ్రాండ్‌మాస్టర్లనే ఓడించే ఇంజిన్ కదా సార్, నిదానంగా నడిస్తే మా వాడికేం నష్టం?" అని ఒకరు అడిగారు. బలం గురించైతే ఆయన మాట నిజమే. నేను చూసేది పిల్లవాడి ఓపిక. ఇంజిన్ మొదటి రెండు సెకన్లలో బంటును కొట్టమంటుంది. ఇంకొంచెం లోతుకు వెళ్ళాక అదే బంటును కొడితే గుర్రం చిక్కుకుంటుందని తెలుసుకుని మాట మారుస్తుంది. ఆ మార్పు పది సెకన్లలో వస్తే పిల్లవాడు చూస్తాడు. అర నిమిషం పడితే అప్పటికే మొదటి జవాబు పట్టుకుని తర్వాతి ఎత్తుకు వెళ్ళిపోయి ఉంటాడు, తప్పు నేర్చుకుంటాడు. పైగా మన మే నెల ఎండలు తెలిసినవే. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్‌కు ఊపిరి సలపదు, మరీ వేడెక్కితే అదే వేగం తగ్గించుకుంటుంది. జవాబు త్వరగా వస్తే ఇంజిన్‌ను త్వరగా ఆపొచ్చు.

విండోస్ సెవెన్ వైపు ఉన్న మంచి కూడా చెప్పాలి. అలవాటైంది, ఇంజిన్‌కు బల్ల చూపించే అరీనా ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, స్టాక్‌ఫిష్‌ను అందులో కలపడం తేలిక. అంగడి బిల్లింగ్ అదే సిస్టమ్‌లో ఉంటే దాన్ని కదిలించకండి. కానీ దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగిపోయింది, క్రోమ్ కూడా 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. పిల్లలు ఆన్‌లైన్‌లో ఆడే సిస్టమ్‌కు అది మంచిది కాదు. 32 బిట్‌లోనే ఉండాల్సి వస్తే 2020 జనవరిలో వచ్చిన స్టాక్‌ఫిష్ 11 చాలు. అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన 12 నుంచి న్యూరల్ నెట్‌వర్క్ (ఎన్నో స్థితుల నుంచి నేర్చుకున్న అంచనా పద్ధతి) చేరింది. దాని లెక్క పాత ప్రాసెసర్లకు బరువు.

మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న రకం తీసుకోండి, తేలికగా ఉంటుంది. టెర్మినల్‌లో ఒకే లైను కొడితే స్టాక్‌ఫిష్, ఆటలు తెరిచి చూసుకునే స్కిడ్ ప్రోగ్రామ్ రెండూ వచ్చేస్తాయి. అలా కాకుండా విడిగా డౌన్‌లోడ్ చేసుకుంటే ఒక జాగ్రత్త: ఫైల్ పేరులో 'ఏవీఎక్స్2' అని ఉన్నది వద్దు. అది 2013 నుంచి వచ్చిన కొన్ని ప్రాసెసర్లకు. 'పాప్‌కౌంట్' అని ఉన్నది కూడా కోర్ టూ డుయోకు పనికిరాదు. తెరవగానే మూసుకుపోతుంది. నేను ఒక సాయంత్రమంతా లైనక్స్‌లోనే ఏదో లోపముందని వెతికాను, తీరా చూస్తే తప్పు ఫైల్ దించుకున్నాను. ఏ అదనపు పేరూ లేని మామూలు 64 బిట్ ఫైల్ సరిపోతుంది. ఇంజిన్ సెట్టింగుల్లో థ్రెడ్స్ (వాడే కోర్లు) 1, హ్యాష్ (వాడే మెమరీ, ఎంబీల్లో) 256 పెట్టుకోండి. రెండో కోర్ ఖాళీగా ఉంటే సిస్టమ్ బిగుసుకుపోదు.

ప్రాసెసరే 32 బిట్‌దైతే పై లాభం రాదు, ఉన్నదాంతోనే నడపండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డ్రాయిడ్‌ఫిష్ అనే చెస్ యాప్ బాగానే పనిచేస్తుంది, కాకపోతే చిన్న తెర మీద గంటసేపు ఆట చూడమని పిల్లలకు నేను చెప్పను.

మీ ప్రాసెసర్ ఏ రకమో విండోస్ సెవెన్ కంట్రోల్ ప్యానెల్‌లో పర్ఫార్మెన్స్ ఇన్ఫర్మేషన్ వివరాల్లో '64 బిట్ కేపబుల్' అన్న లైనుకు ఎదురుగా ఉంటుంది. అది చూసి రాసుకుని రండి. మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ నా దగ్గరుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే దాంతో సిస్టమ్ ఆన్ చేసి చూడొచ్చు. ఫొటోలు, ఫైళ్ళు మాత్రం ముందే వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి.