కర్నూలు టిబెట్ స్వెట్టర్ల దుకాణం: అందరికీ ఒకే రేటు

నాది కుట్టు పని. కర్నూలు పాత బస్తీలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు, ఫ్రాకులు కుడుతున్నాను. బట్ట కొనేటప్పుడు పైమెరుపు కాదు, తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. చలికాలం వస్తే మన ఊళ్లో టిబెట్ వాళ్లు స్వెట్టర్ల దుకాణాలు వేస్తారు కదా, ఈసారి అక్కడ మనవడికి స్వెట్టరు (450), మా అత్తకు శాలువా (600), మా ఆయనకు జిప్ కోటు (1,100) కొన్నాను.

స్వెట్టరు చాలా బాగుంది. మెడ దగ్గర అల్లిక దగ్గరగా ఉంది, లాగి వదిలితే మళ్లీ బిగువుకు వచ్చింది. చంకల కింద ఓవర్‌లాక్ ఎక్కడా తప్పలేదు. మూడుసార్లు ఉతికినా ఉండలు కట్టలేదు. శాలువా రంగు మాత్రం మొదటి ఉతుకులో దిగింది, విడిగా నానబెట్టండి. కోటు జిప్ రెండో రోజే పట్టేసింది.

కోటు మార్చుకోవడానికి వెళ్లినప్పుడే అసలు సంగతి చూశాను. అక్కడ అట్టముక్క మీద రాసి ఉంది: ఒకే రేటు, ఉతకకుండా వారంలోపు తెస్తే మార్పిడి. కారులో వచ్చినాయన ఐదు జిప్ కోట్లు తీసుకుంటా, రెండొందలు తగ్గించమన్నాడు. తగ్గించలేదు. వెనకాలే ఒక హమాలీ తాత మంకీ క్యాప్‌కు ఇరవై తగ్గించమన్నాడు. ఆయనకూ తగ్గించలేదు. తాత విషయంలో నాకు కష్టంగానే అనిపించింది. కానీ దుకాణంలో అమ్మే టిబెట్ అమ్మాయి ఆయనకు వేరే క్యాప్ తీసి, తక్కువ ధర చీటీ చూపించి ఇచ్చింది. నా కోటూ బిల్లు చూసి, మారు మాట లేకుండా మార్చింది.

"మీదే ఊరమ్మా?" అన్నాను. కన్నడం కలిసిన తెలుగులో చెప్పింది: "ముండ్‌గోడు అక్కా. మూడో నంబర్ క్యాంపు."

ముండ్‌గోడు కర్ణాటకలో ఉంది. మన కర్నూల్లోనూ బి క్యాంపు, సి క్యాంపు ఉన్నాయి కాబట్టి క్యాంపంటే నాకు పేట పేరు, అంతే. ఆమెకు అలా కాదు. 1959లో దలైలామా టిబెట్ రాజధాని లాసా విడిచి వచ్చాక తాతముత్తాతల ఊళ్లు వదిలి ఇటు నడిచిన వాళ్ల బిడ్డ ఆమె. 1966లో మైసూరు రాష్ట్రం (ఇప్పటి కర్ణాటక) ఇచ్చిన భూమిలో ఆ ఊరు లేచింది. సరుకు లూధియానాలో అప్పుకు తెచ్చుకుని, సీజన్ అయ్యాక కడతారట. మనమేమో వీళ్లను నేపాలోళ్లంటాం. నేనూ అలాగే అనేదాన్ని, తప్పు.

గల్లాపెట్టె అడుగున ప్లాస్టిక్ కవరులో ఒక చిన్న పుస్తకం చూపించింది. విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, అయినా విదేశీయురాలే. ఆ కవరుకు రెండు రబ్బరు బ్యాండ్లు.

అది చూడగానే నాకు 2009 అక్టోబరు 2 గుర్తొచ్చింది. తుంగభద్ర, హంద్రీ కలిసి పాత బస్తీని ముంచినప్పుడు నా కుట్టు మిషన్, రేషన్ కార్డు అన్నీ బురదలోనే. మమ్మల్ని దింపిన శిబిరంలో దుప్పటి అడిగితే కార్డు చూపించమన్నారు. పక్కింటివాళ్లకూ కార్డు లేదు, తెలిసినాయన ఒక మాట చెప్తే ఇచ్చేశారు. మాకు మూడో రోజు ఇచ్చారు. ఒకే నీళ్లలో మునిగాం, రేటు మాత్రం మనిషికొకటి.

మా చిన్నమ్మాయి గ్రూప్స్‌కు చదువుతోంది. ఇంటికొచ్చి అడిగితే వరసగా చెప్పింది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు, వాళ్లకని ఒక చట్టమూ లేదు. టిబెట్ వాళ్లకు భూములిచ్చారు, బడులు పెట్టారు. మంచి పని. 1983 నుంచి శ్రీలంక యుద్ధం తరిమిన తమిళుల్లో వేలమంది ఇంకా తమిళనాడు క్యాంపుల్లోనే ఉన్నారు. మయన్మార్ నుంచి వచ్చి హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యాలకు ఐక్యరాజ్యసమితి కార్డున్నా పంపేస్తారేమోనని టెన్షనే. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ ఈ మూడు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకే. అందులో శ్రీలంక తమిళులు లేరు, ఈ అమ్మాయివాళ్లూ లేరు. కానీ 1996లో, ఇప్పటి బంగ్లాదేశ్ వైపు నుంచి అరుణాచల్‌కు వచ్చిన చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా, ప్రాణానికి రక్షణ పౌరులకే కాదు, ఇక్కడున్న ప్రతి మనిషికీ అని. మరి ఆ మాటనే చట్టంగా రాసి, ఆ అట్టముక్కలాగా అందరికీ కనబడేలా పెట్టడానికి ఏం అడ్డం? ఎవరు ఏ దేశం, ఏ మతం అని చూసి బేరమాడటం నాకు అస్సలు నచ్చలేదు.

దుకాణం సంగతికొస్తే, పగటిపూట వెళ్లండి, ట్యూబ్‌లైట్ కింద రంగు తేడా తెలియదు. అద్దం చిన్నది, వేసుకుని చూడటానికి చాటు లేదు. పిల్లలకు ఒక సైజు పెద్దదే తీసుకోండి. ఫోన్‌పే ఉంది. సంక్రాంతి దాటాక సర్దుకుని వెళ్లిపోతారు.

మొన్న ఆ అమ్మాయి కుట్టు ఊడిన స్వెట్టర్లు రెండు నా దగ్గరికి తెచ్చింది. కూలి ఎంతక్కా అంది. ఊళ్లో అందరి దగ్గర తీసుకునే ముప్పై రూపాయలే చెప్పాను.