ఈవెంట్ లాగ్ సాఫ్ట్‌వేర్ కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

చీమకుర్తి, ఒంగోలు గ్రానైట్ కార్యాలయాలకూ నెల్లూరు వైపు రొయ్యల ఎగుమతిదారులకూ తిరుగుతూ, సర్వర్‌లో ఏ అలికిడి జరిగినా ఆ క్షణమే ఫోన్‌కు సందేశం వస్తుందని చెప్పి ఒక విక్రేత విండోస్ ఈవెంట్ లాగ్ (కంప్యూటర్‌లో జరిగే ముఖ్య సంఘటనలను విండోస్ నమోదు చేసుకునే చిట్టా) పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌ను అమ్ముతున్నారు. మా చీమకుర్తి కార్యాలయం దానిని మూడేళ్ల ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం)తో సహా కొన్నది. డబ్బంతా ముందే కట్టించుకున్నారు.

తప్పు పాస్‌వర్డ్‌తో వెంటవెంటనే లాగిన్‌కు ప్రయత్నించి చూస్తే, ఈ చిట్టాను చూపే ఈవెంట్ వ్యూయర్‌లోని సెక్యూరిటీ లాగ్‌లో, విఫలమైన లాగిన్‌ను తెలిపే 4625 నంబరు గల నమోదులు బారులు తీరాయి గానీ ఫోన్‌కు వచ్చిన సందేశం ఒక్కటే. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్‌లోని పాత ‘ఈవెంట్‌లాగ్’ క్లాసు (సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్ భాగం) మీదే దీనిని కట్టామని వారి ఇంజినీరే ఒప్పుకున్నారు. ఆ పద్ధతిలో 6 సెకన్ల వ్యవధిలో ఎన్ని నమోదులు పడినా ప్రోగ్రామ్‌కు అందే సూచన ఒక్కటేనని మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లోనే రాసింది. అందుకే సూచన అందగానే, చివరిసారి చదివిన చోటి నుంచి మిగిలినవన్నీ చదువుకునేలా ప్రోగ్రామ్ రాయాలి. పాస్‌వర్డ్‌లు వరుసగా ప్రయత్నించే దొంగ ఆరేసి సెకన్లు ఆగుతాడా?

కరెంటు పోయి సర్వర్ హఠాత్తుగా ఆగితే, ఆ విషయాన్ని తెలిపే 6008 నంబరు గల నమోదు మళ్లీ ఆన్ అయిన తొలి క్షణాల్లోనే పడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ ఆ తరువాత లేస్తుంది, తాను లేనప్పుడు పడినవాటిని వెనక్కి తిరిగి చూడదు. విండోస్ విస్టా వెర్షన్ నుంచి ఉన్న కొత్త పద్ధతిలో బుక్‌మార్క్ (ఎంతవరకు చదివామో తెలిపే గుర్తు) పెట్టుకుని, ఆగిన చోటి నుంచి చదివే వీలుంది. దానిని వీరు వాడలేదు.

లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలన్న 2022 ఏప్రిల్ నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాన్ని కూడా చూపి అమ్మారు. తీరా చూస్తే ఇది సందేశాలు పంపడమే తప్ప నమోదులను దాచదు. సెక్యూరిటీ లాగ్ పరిమాణం మార్చకపోతే 20 ఎంబీ నిండగానే పాతవి చెరిగిపోతాయి. పైగా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇమ్మని పట్టుబట్టారు; లాగ్ చదవడానికి ‘ఈవెంట్ లాగ్ రీడర్స్’ గ్రూపులో ఒక ఖాతా ఉంటే చాలు.

వాపసు అడిగితే, కొత్త వెర్షన్‌కు అదనంగా కట్టమన్నారు. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే తప్పు పాస్‌వర్డ్ పరీక్షనూ, సర్వర్ ప్లగ్గు పీకే పరీక్షనూ పాత కంప్యూటర్ మీద వారి ఎదుటే చేయించండి. రెండింటి ఫలితాన్నీ కొటేషన్‌లో రాయించుకోండి.