జాగ్రత్త: సిలిండర్‌ మీద నైట్రాక్స్ అని ఉంటే లోపల నైట్రాక్స్ ఉన్నట్టు కాదు

స్కూబా డైవింగ్ ప్యాకేజీ కొనేవాళ్లు, ముఖ్యంగా "నైట్రాక్స్ తీసుకోండి, కింద ఎక్కువసేపు ఉండొచ్చు" అన్న మాట విని అదనంగా డబ్బు కట్టేవాళ్లు ఇది చదవండి. నేను కట్టాను. నైట్రాక్స్‌కి డబ్బు తీసుకుని మామూలు గాలి నింపిన సిలిండర్ చేతికిచ్చారు. ఆ సంగతి నాకు తెలిసేసరికి ప్రెషర్ చాంబర్‌లో పడుకుని లేచి వచ్చాను. డైవింగ్ సెంటర్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు వేరేగా నడుస్తోంది. ఇందులో సగం తప్పు నాది కూడా. ఆ సగం మీరు చేయకూడదని రాస్తున్నాను.

తెలియనివాళ్లకి ఒక్క మాట. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. నైట్రాక్స్ అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి, ఎక్కువగా 32 శాతమో 36 శాతమో ఉంటుంది. నైట్రోజన్ తగ్గితే ఒంట్లోకి ఎక్కేదీ తగ్గుతుంది, కాబట్టి అదే లోతులో ఇంకాసేపు ఉండొచ్చు. అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. సిలిండర్‌లో నిజంగా నైట్రాక్స్ ఉంటేనే, అంతే.

ఆ రోజు పొద్దున్న పడవ ఎక్కే హడావుడి. కౌంటర్ మీద అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం. అందులో నా పేరు, సిలిండర్ నంబరు, దాని పక్కన 36 అని ముందే రాసి ఉంది. "ఇందాకే చెక్ చేశాం సార్, ఇక్కడ సంతకం పెట్టేయండి" అన్నాడు కుర్రాడు. నైట్రాక్స్ కోర్సులో చెప్పే మొదటి పాఠమే ఇది: మనం పీల్చబోయే సిలిండర్‌ని మనమే ఎనలైజర్ (ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం) పెట్టి చూసుకోవాలి, ఆ తర్వాతే సంతకం. నాకు ఆ సర్టిఫికెట్ ఉంది. కానీ వెనక నలుగురు నిలబడి ఉన్నారు, ఎనలైజర్ లోపలెక్కడో ఉందట, అడిగితే అందరికీ ఆలస్యం. మొహమాటపడి సంతకం పెట్టేశాను. ఉన్న లోతులో ఇంకెంతసేపు ఉండొచ్చో లెక్కగట్టి చూపించే డైవ్ కంప్యూటర్ మణికట్టుకి ఉంటుంది. నాదాంట్లో గ్యాస్ సెట్టింగ్ 36కి మార్చుకున్నాను.

నా బడ్డీకి, అంటే నాతో జతగా నీళ్లలోకి దిగే తోడు డైవర్‌కి, ఓ అలవాటుంది. నైట్రాక్స్ తీసుకున్నా కంప్యూటర్‌ని మాత్రం 21 మీదే వదిలేస్తాడు. కాస్త మిగులు ఉంటే పోయేదేముంది అంటాడు. దాన్ని నేను చాదస్తం అనేవాణ్ణి.

మేం దిగింది మునిగిపోయిన ఓడ దగ్గర. డెక్ 27 మీటర్ల లోతులో ఉంది. పదహారో నిమిషంలో వాడు నా భుజం తట్టి తన కంప్యూటర్ చూపించాడు. ఇంకో 3 నిమిషాలే ఉన్నట్టు చూపిస్తోంది. నేను నాది చూపించాను. ఇంకా ఇరవై పైనే ఉంది. వాడు వేలు పైకి చూపించి, ఓడ పైభాగం ఉన్న ఇరవై మీటర్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను, గైడు కిందే ఉన్నాం. ఒకే రకం సిలిండర్లు, ఒకే లోతు, రెండు తెరల మీద రెండు లెక్కలు. అప్పుడు నాకు అనుమానం రాలేదు, నవ్వొచ్చింది. ముప్పై మీటర్ల దరిదాపుల్లో నైట్రోజన్ కాస్త మత్తెక్కిస్తుంది కూడా, ఆ నవ్వులో దాని వాటా ఎంతో!

28 నిమిషాలకి బయల్దేరాను. మెల్లగానే పైకి వచ్చాను, నిమిషానికి 9 మీటర్లకి మించలేదు. అయిదు మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, ఒంట్లోని నైట్రోజన్ కొంత బయటికి పోయేందుకు చేసే సేఫ్టీ స్టాప్ కూడా చేశాను. గంట విరామం తర్వాత రెండో డైవ్, 18 మీటర్లలో 40 నిమిషాలు. కంప్యూటర్ ఒక్కసారి కూడా కూయలేదు. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాననే నమ్మకం వల్ల తర్వాత నాకు ఎంత టైమ్ వృథా అయిందో చెప్తాను.

ఒడ్డుకొచ్చిన అరగంటకి పొట్ట మీద దురద. చూస్తే చర్మం మీద నీలం, ఎరుపు కలిసిన వలలాంటి మచ్చలు. వేసుకున్న రబ్బరు వెట్‌సూట్ ఒంటికి పడలేదనుకున్నాను. సాయంత్రానికి ఎడమ భుజం లోపలెక్కడో సలుపు. నొక్కితే పెరగదు, కదిపితే తగ్గదు. సిలిండర్ మోసినందుకు అనుకున్నాను. రాత్రి స్నానం చేసి చొక్కా వేసుకుంటుంటే గుండీ పెట్టడం కుదరలేదు. వేళ్లు గుండీని పట్టుకుంటున్నాయి, కానీ అది వేళ్ల మధ్య ఉందో లేదో తెలియడం లేదు. మూడుసార్లు జారిపోయింది. అప్పుడు నిజంగా టెన్షన్ పట్టుకుంది. అద్దం ముందు నిలబడి ఇంకో పావుగంట "పద్ధతిగానే చేశాను కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా తోసిపుచ్చడం ఈ జబ్బులో అందరూ చేసేదేనని తర్వాత డాక్టర్ చెప్పారు. చాలామందిలో లక్షణాలు మొదటి కొన్ని గంటల్లోనే మొదలవుతాయి, మరుసటి రోజు బయటపడేవాళ్లూ ఉంటారు. డైవ్ చేసిన రోజు ఒంట్లో కొత్తగా ఏం తేడా వచ్చినా, కాదని తేలేదాకా దాన్ని డీకంప్రెషన్ సిక్‌నెస్ (ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు) అనుకోవడమే క్షేమం.

బడ్డీ డైవింగ్ ఎమర్జెన్సీ లైన్‌కి ఫోన్ చేశాడు. అవతలి డాక్టర్ అడిగింది రెండే: ఎంత లోతు, ఎంతసేపు. వెల్లకిలా పడుకోబెట్టి నూరు శాతం ఆక్సిజన్ పెట్టమన్నారు, నీళ్లు తాగించమన్నారు, చాంబర్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకురమ్మన్నారు. మళ్లీ నీళ్లలోకి దిగితే బుడగలు కరిగిపోతాయని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దని మరీ మరీ చెప్పారు. నిజంగానే పక్క గదిలో దిగినాయన ఆ సలహా ఇచ్చాడు.

చాంబర్ అంటే ఇనుప గొట్టంలాంటి గది. తలుపు బిగించి లోపల ఒత్తిడిని 2.8 అట్మాస్ఫియర్లకి, అంటే 18 మీటర్ల నీటి అడుగున ఉన్నంతకి పెంచారు. మాస్క్‌లో ఆక్సిజన్. ఇరవై నిమిషాలకోసారి అయిదు నిమిషాలు మామూలు గాలి, ఎందుకంటే అంత ఒత్తిడిలో ఆక్సిజన్ కూడా ఎక్కువైతే విషమే. తర్వాత మెల్లగా ఒత్తిడి దించుతూ మొత్తం అయిదు గంటలకి ఓ పావుగంట తక్కువ. భుజం నొప్పి మొదటి గంటలోనే, ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. వేళ్లకి మాత్రం కొన్ని రోజులు పట్టింది.

నేను లోపలుండగా బడ్డీ చేసిన పని వల్లే అసలు సంగతి బయటపడింది. వాడు పొద్దున్నే సెంటర్‌కి వెళ్లాడు. ముందురోజు పడవలో తీసిన ఫొటోలో నా సిలిండర్ నంబరు కనిపిస్తోంది. ఆ సిలిండర్ ఇంకా వరసలోనే ఉంది, అడుగున 60 బార్ గాలి మిగిలి ఉంది. ఎనలైజర్ తెప్పించి, ముందు బయటి గాలికి దాన్ని 20.9 మీద సరిచేసి, తర్వాత సిలిండర్ వాల్వ్ కొంచెం తెరిచి పట్టుకున్నాడు. అంకె కదల్లేదు. 20.9.

ఇప్పుడు లెక్క చూడండి. నీళ్లలో ప్రతి 10 మీటర్లకి ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. నీటి పైన ఉండే గాలి ఒత్తిడి ఒకటి కలిపితే 27 మీటర్లలో అది 3.7. 36 శాతం నైట్రాక్స్‌తో 27 మీటర్లలో ఉంటే, నైట్రోజన్ వరకు అది మామూలు గాలితో 20 మీటర్లలో ఉన్నట్టు. నా కంప్యూటర్ నన్ను 20 మీటర్ల మనిషినని నమ్మి లెక్క కట్టింది. ఎక్కువమంది నేర్చుకునే వినోద డైవింగ్ పట్టికలో 20 మీటర్లకి 45 నిమిషాలు. నేనున్న 27కి పట్టికలో తర్వాతి గడి 30 మీటర్లు, దానికి 20 నిమిషాలే. నేనున్నది 28. పైగా రెండో డైవ్‌కి కూడా అదే దొంగ లెక్క తోడైంది. కంప్యూటర్ గాలిని వాసన చూడదు, మనం చెప్పిన అంకెనే నమ్ముతుంది.

నైట్రోజన్ ఒంట్లోకి ఎక్కే తీరు గుడ్డ నీళ్లలో నానినట్టే ఉంటుంది. చేతిరుమాలు ముంచగానే తడుస్తుంది, తీయగానే ఆరుతుంది. మందపాటి దుప్పటి తడవడానికి టైమ్ పడుతుంది, ఆరడానికి ఇంకా పడుతుంది. రక్తం, మెదడు రుమాలు లాంటివి. కొవ్వు, కీళ్లు దుప్పటి లాంటివి. ఆరకముందే పైకొస్తే, ఒత్తిడి తగ్గేకొద్దీ కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలు కడుతుంది. కీలులో అయితే నొప్పి, వెన్నుపాములో అయితే కాళ్లు పడిపోవడం దాకా పోవచ్చు. ఈ రకరకాల వేగాల లెక్కని మేకల మీద పరీక్షలు చేసి 1908లో పట్టికలుగా ఇచ్చినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. మన మణికట్టు మీది కంప్యూటర్లలో చాలావాటికి మూలం ఆ ఆలోచనే.

"సేఫ్ లోతు ఎంత?" అని అడిగేవాళ్లకి ఒక్క అంకె చెప్పి పంపించే సెంటర్‌ని నమ్మకండి. లోతుకి ఎప్పుడూ టైమ్ జత ఉంటుంది. అదే పట్టికలో 18 మీటర్లకి 56 నిమిషాలు, 40 మీటర్లకి 9. శిక్షణ లేకుండా సరదాగా దిగేవాళ్లకి 12 మీటర్లు, మొదటి సర్టిఫికెట్‌కి 18, తర్వాతిదానికి 30, ప్రత్యేక శిక్షణతో 40, అక్కడితో వినోద డైవింగ్ సరి. మొదటి సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి "ఏం కాదు, గైడ్ ఉన్నాడు కదా" అని 30కి తీసుకెళ్లే ప్యాకేజీలు చూశాను. గైడ్ ఉంటే నైట్రోజన్ ఏమీ మొహమాటపడదు. అలాగని లోతు తక్కువైతే భయం లేదనీ కాదు. ఊపిరి బిగపట్టి పైకొస్తే ఈతకొలను లోతులో కూడా ఊపిరితిత్తి చిరిగి రక్తంలోకి గాలి పోవచ్చు. అది వేరే ప్రమాదం, ఇంకా వేగంగా ముంచుకొస్తుంది.

నైట్రాక్స్‌కి రెండో వైపు కూడా ఉంది. నాకు ఆక్సిజన్ తక్కువ వచ్చింది. ఎక్కువ వచ్చి ఉంటే? 36 శాతానికి గరిష్ఠ లోతు సుమారు 28 మీటర్లు, 32కి 33. అది దాటితే నీళ్లలోనే ఫిట్స్ వచ్చి గాలి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఎనలైజర్ చేతికివ్వని చోట డబ్బు కట్టకండి. ఇస్తే, ముందు బయటి గాలికి 20.9 చూపిస్తోందో లేదో చూడండి, సిలిండర్‌కి పెట్టి అంకె నిలకడయ్యేదాకా ఆగండి, సిలిండర్‌కి అంటించే టేపు మీద శాతం, గరిష్ఠ లోతు, తేదీ మీ చేత్తో మీరే రాయండి. తర్వాత కంప్యూటర్ మార్చుకోండి. అద్దె కంప్యూటర్ అయితే పాత మనిషి ఏ సెట్టింగ్ వదిలి వెళ్లాడో ముందు అది చూడాలి. పడవలో ఆక్సిజన్ కిట్ ఉందా అని మాత్రమే కాదు, "తెరిచి గేజ్ చూపించండి" అని అడగండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఇంకోటి, ప్యాకేజీల్లో తిరుగు ప్రయాణం. మాకు మర్నాడు పొద్దున్నే విమానం పెట్టారు, ఆఖరి డైవ్‌కి దానికి 15 గంటలు కూడా లేవు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ వైద్యులు చెప్పే లెక్క. విమానంలో ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. ఎత్తైన ఘాట్ రోడ్డు ఎక్కినా అదే బాధ. ఆ రాత్రి గుండీ జారకపోయి ఉంటే నేను ఆ విమానం ఎక్కేవాణ్ణే.

చివరికి సెంటర్‌కి వెళ్లి అడిగాను. యజమాని ఆ కాగితం తీసి నా ముందు పెట్టాడు. 36 శాతం, కింద నా సంతకం. "మీరే చెక్ చేసుకున్నట్టు రాసి ఉంది కదా సార్" అన్నాడు. బడ్డీ ఎనలైజర్ వీడియో చూపించాక, సిలిండర్లు తారుమారై ఉంటాయన్నాడు. నైట్రాక్స్‌కి కట్టిన అదనం వెనక్కి ఇచ్చాడు. దాంతోపాటు, మళ్లీ వచ్చినప్పుడు ఒక డీప్ డైవ్ ఉచితమట!